జీతం 15 శాతం ఎక్కువ, ప్రయాణం రోజుకు 3 గంటలు: మారాలా?

ప్రశ్న: ప్రస్తుతం పూర్తిగా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మరో కంపెనీ 15 శాతం ఎక్కువ ఇస్తానంటోంది. కానీ వారానికి 5 రోజులూ ఆఫీసుకు రావాలట. రానూపోనూ 3 గంటలు పడుతుంది. సొంత కారుంది. మారితే లాభమేనా?

జవాబు: ముందు ఆ 15 శాతంలో చేతికి ఎంత వస్తుందో చూడండి. ఇప్పటి జీతం 100 అనుకుందాం. పెరిగిన 15 మీద మీ ఆదాయానికి వర్తించే పై శ్లాబు పన్ను పడుతుంది. అది 20 శాతమైతే మిగిలేది 12. ప్రయాణ ఖర్చేమో పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచి పోతుంది. నెలకు 8 ఖర్చయితే, దాన్ని పూడ్చుకోవడానికే జీతం 10 పెరగాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

ఆ 8లో ఏమేం వేయాలి? కారు వాయిదా, బీమా వేయకండి. ఉద్యోగం మారినా మారకపోయినా అవి కట్టక తప్పదు. కిలోమీటర్లతో పాటు పెరిగేవే రాయండి: ఇంధనం, టైర్లు, సర్వీసింగ్, టోల్, పార్కింగ్. ఎక్కువ తిరిగిన కారుకు అమ్మేటప్పుడు తగ్గే ధర కూడా ఇందులోదే. అది నెలనెలా జేబులోంచి పోదు కనుక ఎవరూ రాసుకోరు. ఈ ఉద్యోగం కోసమే కారు కొనాల్సి వస్తే మాత్రం వాయిదా, బీమా కూడా వేయాల్సిందే.

ఇంటి వైపు లెక్క చిన్నది. 60 వాట్ల ల్యాప్‌టాప్ 8 గంటలు నడిచినా అర యూనిట్ కాలదు. 1.5 కిలోవాట్ల ఏసీ అంతసేపు ఆగకుండా నడిస్తే 12 యూనిట్లు. అంటే ఏసీ గానీ హీటర్ గానీ వాడకపోతే కరెంటు ఆదా దాదాపు లేనట్టే. ఇంటర్నెట్ ఎలాగూ ఉంచుకుంటారు, అది ఆదా కాదు. మీ ఇంట్లో ఇదంతా కలిపి 1 తగ్గుతుందనుకుందాం.

ఇప్పుడు 12లోంచి 8 తీసి 1 కలిపితే మిగిలేది 5. దానికి మీరిచ్చేది నెలకు 22 రోజుల చొప్పున 66 గంటలు. గంటకు 0.08 కూడా పడదు. ఇప్పుడు 176 గంటల పనికి చేతికి 85 వస్తోందనుకుంటే గంటకు 0.48. కొత్త గంటలకు పాత రేటులో ఆరో వంతు కూడా రాదన్నమాట.

ఈ షరతులతోనైతే నేను మారమని చెప్పను. అయితే అప్పు వాయిదాలకు చాలక ఇబ్బంది పడుతుంటే ఆ 5 కూడా అవసరమే. పైగా వచ్చే ఏడాది పెంపు 115 మీద లెక్కిస్తారు, 100 మీద కాదు. అది చిన్న విషయమేం కాదు.

అందుకే ఇంకాస్త జీతం అడగడం కంటే ఆఫీసు రోజులు తగ్గించమని అడగండి. వారానికి 2 రోజులే అయితే నెలకు సుమారు 9 రోజులు, 27 గంటలు. ప్రయాణ ఖర్చు 3.3కు దిగుతుంది, చేతిలో 9 దాకా మిగులుతుంది, గంటకు 0.33 వస్తుంది. అప్పుడు ఆలోచించవచ్చు. రైల్లోనో బస్సులోనో వెళ్లాలనుకుంటే నెల పాస్ వెంటనే తీసుకోకండి. పాస్ ధరను ఒక రోజు రానూపోనూ టికెట్టుతో భాగించండి. వచ్చిన సంఖ్య మీరు వెళ్లే రోజుల కంటే ఎక్కువైతే రోజువారీ టికెట్టే చవక.

ఆఫీసుకు దగ్గరగా ఇల్లు మారాలనుకుంటే పెరిగే అద్దెను నెలవారీ ప్రయాణ ఆదాతో పోల్చండి. ఇల్లు మారే ఖర్చును ఆ రెండింటి తేడాతో భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలుస్తుంది. ప్రొబేషన్ ముగిసేదాకా మాత్రం మారకండి. వారానికి ఎన్ని రోజులు రావాలో, ఆ నిబంధన మారిస్తే ఎన్నాళ్ల ముందు చెప్పాలో నియామక పత్రంలో రాయించుకోండి. మేనేజర్ నోటిమాట ఆయన బదిలీ అయ్యేదాకే చెల్లుతుంది.