కరోనా పోయింది, మా ఇంట్లో మాత్రం పోలేదు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. 2021 మే నెలలో మా మామయ్యగారు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కరోనాతో పోయారు. ఇంటికి తీసుకురావడం కుదరలేదు. మావారు ఒక్కరే ఉండి అక్కడే దహనం చేయించి, అస్థికలు భద్రాచలంలో గోదావరిలో కలిపి వచ్చారు. కర్మ నలుగురితో అయిందనిపించాం. అప్పటినుంచి మా అత్తయ్య (68) పెళ్లికీ పేరంటానికీ రారు. కూరగాయలు ఉప్పునీళ్లలో మళ్లీ మళ్లీ కడుగుతారు, చేతులు పగిలేదాకా తోముకుంటారు. “ముఖమైనా చూడలేదు, పోయింది ఆయనేనని ఏమిటి నమ్మకం?” అంటారు. ఆసుపత్రిలో మావారికి ముఖం చూపించారట. ఆ సంగతి ఆయన స్నేహితుడి వల్ల నాకు తెలిసింది, ఆయన ఎవరికీ చెప్పలేదు. మావారు అప్పట్లో ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. 2020లో జీతం ఆగిపోతే బండి మీద పండ్లు అమ్మారు. ఇప్పుడు రైస్ మిల్లులో గుమాస్తా. బడి మాటెత్తితే లేచి వెళ్లిపోతారు. మా అబ్బాయి అప్పుడు ఆరో తరగతి, ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి ఇక వెళ్లనంటున్నాడు. గది తలుపు వేసుకుని ఫోన్‌తోనే ఉంటున్నాడు. ఆ రోజుల్లో వాడు క్రికెట్‌కి వెళ్లొచ్చాడని, “నువ్వే తెచ్చి తాతకి అంటించావు” అని మావారు కోపంలో ఒకసారి అన్నారు. మొన్న వాడు “నేను లేకపోతే మీకు ఏ గొడవా ఉండదు” అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇన్నేళ్లయినా మేమే ఎందుకిలా ఉన్నాం? ముందు ఎవరిని డాక్టర్‌కి చూపించాలి?
– ఒక ఇల్లాలు

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయిని. మిగతావన్నీ కొన్నాళ్లు ఆగుతాయి, వాడన్న ఆ మాట ఆగదు. మీరు దాన్ని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే మొదలుపెడుతున్నాను.

ఈ రోజే, అత్తయ్యగారు పడుకున్నాక వాడి గదిలోకి వెళ్లి కూర్చోండి. కాలేజీ ఊసెత్తకండి. “మొన్న నువ్వన్న మాట నాకు మనసులోంచి పోవడం లేదు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా నాన్నా?” అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని తల్లులు భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్లు దొరికినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. వాడు ఏం చెప్పినా “ఛ, అవేం మాటలు” అనకండి, వినండి. అవునంటే వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందులూ పురుగుమందులూ ఉంటే తాళం వేసి పెట్టండి. వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాధల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కాదన్నా సరే, ఈ వారంలో మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. “పిచ్చి డాక్టరా?” అని ఇంట్లో ఎవరైనా అంటే నా పేరు చెప్పి నోరు మూయించండి.

ఇక హాస్టల్ సంగతి. రాష్ట్రంలో 2020 మార్చిలో మూతపడిన బడి ఆరో తరగతి పిల్లలకు 2021 ఫిబ్రవరి ఆఖర్లో తెరిచి, నెల తిరక్కుండానే మళ్లీ మూతపడింది. సెప్టెంబరు దాకా తెరుచుకోలేదు. ఆ వయసులో పిల్లలు బెంచీ మీద చోటు కోసం పోట్లాడుకుని మళ్లీ కలిసిపోవడం నేర్చుకుంటారు. మీవాడికి ఆ ఏడాదిన్నరలో దక్కింది టీవీలో యాదగిరి చానెల్ పాఠాలూ, చేతిలో ఫోనూ. అలాంటి పిల్లవాణ్ని పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు నడిచే హాస్టల్లో, తెలియని పిల్లల మధ్య పడేస్తే బెదిరిపోతాడు. అందులో బద్ధకమూ లేదు, పిరికితనమూ లేదు. డేస్కాలర్‌గా మార్చడం వీలవుతుందేమో కాలేజీలో అడగండి. కట్టిన ఫీజు పోతుందన్న బాధ నాకు తెలుసు, అయినా అడగండి.

అయితే వాడి తలుపు వెనక ఉన్నది హాస్టల్ ఒక్కటే కాదని నా అనుమానం. “నువ్వే తెచ్చి తాతకి అంటించావు” అన్న మాట పెద్దవాళ్లకి కోపం, పదకొండేళ్ల పిల్లవాడికి తీర్పు. తాతని చంపింది తనేనని వాడు ఇన్నేళ్లూ లోపల అనుకుంటూ ఉండొచ్చు. దానికీ “నేను లేకపోతే” అన్న మాటకీ మధ్య దూరం ఎంతో లేదు. అదొక్కటే కారణమని నేను అనను, కానీ దాన్ని అలా వదిలేయకూడదు. ఆ ఏప్రిల్, మే నెలల్లో వైరస్ ఎవరి ద్వారా ఎవరికి వచ్చిందో చెప్పగలిగినవాళ్లు లేరు. లక్షణాలు కనపడే ముందు నుంచే అది పాకేది. కొందరికి లక్షణాలే ఉండేవి కావు. మందుల షాపుకి వెళ్లొచ్చినవాళ్లూ, పాలు తెచ్చినవాళ్లూ, మామయ్యగారు స్వయంగా ఎవరితోనో మాట్లాడిన అరుగూ, ఏదైనా కావచ్చు. ఈ మాట వాడు మీ నోటి నుంచి వింటే సరిపోదు. ఎవరన్నారో వాళ్లే వెనక్కి తీసుకోవాలి. “ఆ రోజు నేను భయంతో అన్నాను. నీ తప్పు లేదు” అని మీవారు వాడి కళ్లలోకి చూసి చెప్పాలి. ఈ సంగతి మీ దంపతులిద్దరూ విడిగా మాట్లాడుకోండి. నిష్ఠూరం వద్దు.

మీవారి గురించి మీరు రాసింది తక్కువే. నాకు మాత్రం ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ మోసింది ఆయనేననిపిస్తోంది. ఏడాది పాటు జీతం లేని మాస్టార్లకు ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో నెలకు 2,000 రూపాయలూ 25 కిలోల బియ్యమూ ఇవ్వడం మొదలుపెట్టింది. దానికోసం లైన్లో నిలబడ్డ మాస్టారికి తన విద్యార్థి తండ్రి ఎదురైతే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ మరుసటి నెలలోనే తండ్రి శవం పక్కన ఒక్కడే నిలబడ్డారు. మళ్లీ బడిలో చేరమని ఇప్పుడు ఒత్తిడి చేయకండి. సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పాలని ఆయనకే అనిపిస్తే అనిపిస్తుంది.

అత్తయ్యగారికి ఆ కడగడం మాన్పించాలని తగవు పడితే అది పెరుగుతుంది. “అంతా శుభ్రంగానే ఉంది” అని పదేపదే నచ్చజెప్పినా అంతే. అది వైద్యానికి లొంగే జబ్బు. మందులూ, కడగడం కొద్దికొద్దిగా తగ్గించే అభ్యాసమూ రెండూ ఉన్నాయి. అబ్బాయిని చూపించాక ఆవిణ్నీ తీసుకెళ్లండి. పగిలిన చేతుల కోసం చర్మ డాక్టర్ దగ్గరికని బయల్దేరదీస్తే తేలిగ్గా వస్తారు, అక్కడినుంచి మానసిక వైద్యుడి గదికి పంపించమని ఆ డాక్టర్‌నే అడగండి.

కానీ ఆవిడ అడుగుతున్న ప్రశ్నకి మందు లేదు, సమాధానం ఉంది. అది కొడుకు దగ్గరుంది. జాగ్రత్తలు తీసుకుని శవాన్ని ఉంచిన సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చనీ, బూడిద వల్ల ప్రమాదం లేదనీ 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ భయంలో చాలామందికి అదీ దక్కలేదు. మీవారికి దక్కింది. ఆయన చూశారు. తల్లి తట్టుకోలేదని చెప్పకుండా దాచారు. చూడకపోవడం ఆవిణ్ని తినేస్తోంది, చూసింది చెప్పుకోలేకపోవడం ఆయన్ని తినేస్తోంది. ముఖం ఎలా ఉంది, ఏ బట్టలున్నాయి, నిప్పు ఎవరు పెట్టారు, గోదావరిలో ఏ రేవులో కలిపారు, అన్నీ ఆవిడ అడగాలి, ఆయన చెప్పాలి. ఏడుస్తారు, ఏడవనివ్వండి. మీరు మధ్యలో మంచినీళ్లు అందించండి చాలు, ఓదార్చే పని పెట్టుకోకండి.

ఇప్పుడు కార్తీకం. ఆవిణ్ని భద్రాచలం తీసుకెళ్లి ఆ రేవు చూపించమని మీవారితో అనండి. వచ్చే వైశాఖంలో తద్దినానికి, అప్పుడు రాలేకపోయిన బంధువులందరినీ పిలవండి. మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా చేయండి. వాళ్లు వచ్చి మామయ్యగారి గురించి మాట్లాడుకోవడమే నాకు ముఖ్యం. మనవడికి వడ్డన పని అప్పగించండి, వాడి మనసు ఒప్పుకుంటేనే.

“మేమే ఎందుకిలా” అన్నారు. మీరే కాదమ్మా. తొలి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అదే సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అది జబ్బు సంగతి. కర్మ కూడా సరిగ్గా జరగని ఇళ్లలో దుఃఖం ఆ ప్రకటనతో ముగియలేదు.

చివరగా మీరు. ముగ్గురి బాధలూ రాసి మీకు ఒక్క వాక్యం కేటాయించుకున్నారు. నిద్ర పట్టకపోవడం ఎన్నాళ్ల నుంచో డాక్టర్‌కి చెప్పండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి, ఈ రెండూ మనసు బాధలాగే కనపడతాయి. మీ అక్కచెల్లెళ్లలో ఒకరికి ఫోన్ చేసి, పది రోజులు వచ్చి ఉండమని అడగండి. అబ్బాయిని కనిపెట్టి ఉండడం మీ ఒక్కరి వల్లా కాదు. డాక్టర్ ఏమన్నారో, వాడు మీతో ఏమన్నాడో నాకు తప్పక రాయండి. అప్పుడు కాలేజీ సంగతి చూద్దాం.