లెక్కల పేజీ: పవర్లను భాగించాలా, తీసేయాలా?

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్నగారికి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, అందుకని ఇంట్లో చదివించేది నేనే. ఏకపదుల భాగహారం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. 12ఎక్స్⁶ను 3ఎక్స్²తో భాగించమంటే ఒకరోజు 4ఎక్స్³ అంటాడు, ఇంకోరోజు 9ఎక్స్⁴ అంటాడు. సూత్రం అడిగితే మాత్రం గడగడా అప్పజెప్తాడు. యూనిట్ టెస్ట్ దగ్గర పడింది. వాడికంటే నాకే టెన్షన్‌గా ఉంది. ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, బాబు రాసిన తప్పు జవాబులు రెండూ యథాతథంగా పంపి మంచి పని చేశారు. జబ్బేమిటో వాటిలోనే ఉంది. మొదటిసారి 12ను 3తో భాగించాడు, ఆ ఊపులో 6ను కూడా 2తో భాగించేశాడు. రెండోసారి 6లోంచి 2 సరిగ్గానే తీశాడు, అదే చేత్తో 12లోంచి 3 కూడా తీసేశాడు. ఏ పని మొదలుపెడితే ఆ పనే రెండుచోట్లా చేస్తున్నాడు. ఇది అజాగ్రత్త కాదు, దయచేసి అందుకు కోప్పడకండి. ముందున్న 12 మామూలు సంఖ్య, అంటే గుణకం. నెత్తిమీదున్న 6 ఘాతాంకం, పిల్లలు పవర్ అంటారు. అక్కడ ఎన్ని ఎక్స్‌లు గుణకారంలో ఉన్నాయో అది చెబుతుంది. ఈ తేడా వాడి కంటికి కనబడలేదు. సూత్రం ఎంత బాగా అప్పజెప్పినా కనబడదు.

కొన్నాళ్లు సూత్రం పక్కన పెట్టేయండి. లవంలో 12 × ఎక్స్ × ఎక్స్ × ఎక్స్ × ఎక్స్ × ఎక్స్ × ఎక్స్ అని పూర్తిగా రాయమనండి. గీత గీసి కింద హారంలో 3 × ఎక్స్ × ఎక్స్. పెన్సిల్‌తో కిందొకటి, పైనొకటి కొట్టేయమనండి. పైన నాలుగు మిగులుతాయి. 12లో 3 నాలుగుసార్లు. జవాబు 4ఎక్స్⁴. మా ట్యూషన్ వరండాలో పిల్లలు ఇలా రాస్తూ రాస్తూ, ఎక్స్²⁰ లాంటిది ఇవ్వగానే పెన్సిల్ ఆపేసి "ఇన్ని రాయడం ఎందుకు సార్, ఇరవైలోంచి తీసేస్తే పోలా?" అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా నేను సూత్రం చెప్పను. మీరూ ఓపిక పట్టండి. పేజీలు ఖర్చవుతాయి, అవనివ్వండి.

ఇంకొకటి. మన అంకెల్లోనే ఈ పాఠం మొత్తం ఉంది. పది పక్కన పది పెట్టి గుణించుకుంటూ పోతే వంద, వెయ్యి, పదివేలు, లక్ష, పదిలక్షలు, కోటి. లక్షకు ఐదు సున్నాలు, కోటికి ఏడు. కోటిలో ఎన్ని లక్షలు అని అడగండి. వంద అని చప్పున చెబుతాడు. ఏడులోంచి ఐదు తీస్తే రెండు సున్నాలు, వందకు ఉన్నవీ రెండే. ఏడును ఐదుతో భాగించాలన్న ఆలోచనే రాదు.

దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లండి. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం బాబు చూసే ఉంటాడు. సూర్యుడు మనకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. వెలుతురు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మరి ఆ వెలుతురు మన దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుంది? 15 కోట్లను 3 లక్షలతో భాగించాలి. 15లో 3 ఐదుసార్లు, కోటిలో లక్ష వందసార్లు, మొత్తం 500 సెకన్లు. అంటే 8 నిమిషాల 20 సెకన్లు. ఇప్పుడు దాని కిందే 15ఎక్స్⁷ ÷ 3ఎక్స్⁵ రాసి చూపించండి. జవాబు 5ఎక్స్². పదికి బదులు ఎక్స్ వచ్చింది, అంతే. సంఖ్యలకు భాగహారం, సున్నాలకు తీసివేత అనేది ఈ ఒక్క లెక్కలో విడివిడిగా కనబడుతుంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే.

సరిచూసుకోవడం కూడా ఇలాగే నేర్పండి. ఎక్స్ ఉన్నచోట 10 పెట్టాలి. మీ లెక్కలో 12ఎక్స్⁶ అంటే కోటి ఇరవై లక్షలు, 3ఎక్స్² అంటే 300. భాగిస్తే నలభై వేలు. 4ఎక్స్⁴ కూడా నలభై వేలే. బాబు రాసిన 4ఎక్స్³ నాలుగు వేలే అవుతుంది, 9ఎక్స్⁴ తొంభై వేలు అవుతుంది. తప్పని మీరు చెప్పక్కర్లేదు, వాడే పట్టుకుంటాడు. 1 పెట్టి చూడమనకండి, 1కి ఏ పవర్ అయినా 1 కాబట్టి పవర్ తప్పు బయటపడదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వాడితే హారం మొత్తానికీ బ్రాకెట్ పెట్టాలి. పెట్టకుండా 12000000 ÷ 3 × 100 అని నొక్కితే 40 కోట్లు చూపిస్తుంది. 3తో భాగించేసి, 100తో గుణించేస్తుంది కాబట్టి.

ఒంటరిగా ఉన్న ఎక్స్‌కి పవర్ 1 అని కూడా గుర్తు చేయండి. 8ఎక్స్³ ÷ 2ఎక్స్‌కి 4ఎక్స్³ అని రాసేవాళ్లు చాలామంది.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. ఎక్స్³ ÷ ఎక్స్³లో అన్నీ కొట్టేస్తే ఏమీ మిగలదు కదా. జవాబు 0 ఎందుకు కాదు?
– ఒక విద్యార్థిని, భీమిలి

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. కొట్టేయడం అంటే మాయం చేయడం కాదు, పైదాన్నీ కిందిదాన్నీ అదే ఎక్స్‌తో భాగించడం. కాబట్టి కొట్టేసిన ప్రతిచోటా 1 ఉంటుంది. కొట్టేసిన గీత పక్కన చిన్నగా 1 వేసే అలవాటు చేసుకో. వెయ్యిలో ఎన్ని వేలు ఉన్నాయి? ఒకటి. అందుకే ఎక్స్³ ÷ ఎక్స్³ = ఎక్స్⁰ = 1. ఎక్స్ విలువ మాత్రం సున్నా కాకూడదు, సున్నాతో భాగహారం లేదు. కింద ఎక్కువ ఉంటే కంగారు పడకు. ఎక్స్² ÷ ఎక్స్⁵ అంటే వందను లక్షతో భాగించినట్టు, వెయ్యో వంతు వస్తుంది. అది 1/ఎక్స్³. ఎక్స్⁻³ అని రాసినా అదే.

ప్రశ్న: మాస్టారూ, నేను పదిమంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఈ పాఠానికి రోజూ ఎన్ని లెక్కలు చేయించాలి?
– మధురవాడ

జవాబు: ఎన్ని అన్నదానికంటే ఎలాంటివి అన్నది చూడండి. ఒకేలాంటి భాగహారాలు ఇరవై వరసగా ఇస్తే పిల్లాడు మూడో లెక్క నుంచి ఆలోచించడం మానేస్తాడు. ఒక జత తీసుకుని నాలుగు గుర్తులూ వేయించండి. 6ఎక్స్², 2ఎక్స్² కూడితే 8ఎక్స్², తీసివేస్తే 4ఎక్స్², గుణిస్తే 12ఎక్స్⁴, భాగిస్తే 3. పవర్ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు కదలదో పక్కపక్కనే కనబడుతుంది. పరీక్షలో అన్నీ కలిసే వస్తాయి, అప్పుడు తడబడరు.

ఇది గట్టిపడ్డాకే బహుపదిని ఏకపదితో భాగించడం మొదలుపెట్టండి. (6ఎక్స్² + 2) ÷ 2 ఇవ్వగానే చాలామంది 2ను 2తో కొట్టేసి 6ఎక్స్² అని రాస్తారు. అప్పుడు బోర్డు మీద 10 పెట్టించండి. 602లో సగం 301, వాళ్ల జవాబు 600. మధ్యలో కూడిక ఉన్నప్పుడు రెండు పదాలనూ భాగించాలి, వచ్చేది 3ఎక్స్² + 1. ఈ ఒక్కదాని మీద రెండు రోజులు ఉండిపోయినా పర్వాలేదు, పదో తరగతి దాకా వెంటాడే తప్పు ఇది.