కొత్తగా ఫోటోగ్రఫీ మొదలుపెట్టేవాళ్లు డబ్బు కెమెరా బాడీ మీద పెట్టాలా, లెన్స్ మీదా?

లెన్స్ మీదే పెట్టండి. ఫిల్మ్ రోజుల్లో రోల్‌కి 36 ఫోటోలే. ఐఎస్ఓ అంటే వెలుతురుకి ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె; 100 ఐఎస్ఓ రోల్ వేస్తే అది అయిపోయేదాకా అదే. ఎలా వచ్చాయో ల్యాబ్‌లో కడిగించాకే తెలిసేది. డిజిటల్‌లో ఐఎస్ఓ ఫోటో ఫోటోకీ మార్చుకోవచ్చు, తప్పు అక్కడికక్కడే స్క్రీన్ మీద కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి ఇది నిజంగా వరమే.

అయితే బాడీలో ఫోటోని పట్టే సెన్సర్ ఎంత మంచిదైనా దానికి వెలుతురు అందించేది లెన్సే. మామూలుగా కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్, పూర్తిగా జూమ్ చేసి 55 దగ్గర పెడితే, ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. రాత్రి పెళ్లి మండపంలో తలంబ్రాలు పోసే చేతులు మసకబారకుండా దొరికేది దానివల్లే. బాడీ సెకండ్‌హ్యాండ్‌దైనా పర్వాలేదు. పాత లెన్స్ కొంటే మాత్రం టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి. కోస్తా తేమకి అది త్వరగా పడుతుంది.