ఎస్‌జీపీటీ సరే, ప్లేట్‌లెట్ల సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 42. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎనిమిది నెలల క్రితం కంపెనీ చేయించిన పరీక్షల్లో కాలేయ ఎంజైములు ఎక్కువగా, ఎస్‌జీపీటీ 96, ఎస్‌జీఓటీ 64 వచ్చాయి. బిలిరుబిన్ మామూలే. ప్లేట్‌లెట్లు కాస్త తక్కువ, 1.35 లక్షలు, అంతకు ముందు ఏడాది డెంగీ వచ్చింది, అందువల్లే కావచ్చు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. అప్పటినుంచి తిప్పతీగ పొడి, ఒక లివర్ టానిక్ వాడుతున్నాను. ఎస్‌జీపీటీ తగ్గాలంటే ఏమి తినాలి?

జవాబు: తిండి సంగతి తర్వాత. మీరు తేలిగ్గా తీసుకున్న ప్లేట్‌లెట్ల దగ్గరే నా కన్ను ఆగింది. డెంగీలో పడిపోయినవి సాధారణంగా వారం, రెండు వారాల్లో కోలుకుంటాయి. ఏడాది తర్వాత కూడా నెపం దాని మీద వేయలేం. కాలేయం మచ్చకట్టి గట్టిపడితే రక్తం ప్లీహం (స్ప్లీన్) లోకి ఎదురుతన్నుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే నిలిపేసుకుంటుంది. మీకు అదే జరిగిందని అనడం లేదు. ప్లేట్‌లెట్లు గుంపు కడితే మిషన్ తక్కువగా లెక్కించడమూ ఉంది. రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి (స్మియర్) చూస్తే తెలుస్తుంది.

ఎస్‌జీపీటీ చెప్పేది కణాలు దెబ్బతింటున్నాయని. మచ్చ ఎంతుందో చెప్పదు. సిరోసిస్, అంటే కాలేయమంతా మచ్చకట్టిన దశ, ఉన్నా ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నవారిని తరచూ చూస్తుంటాం. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు కలిపి వేసే ఫిబ్-4 అనే లెక్క ఉంది. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చకు అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. మీకు దాదాపు 2 వచ్చింది, ఎటూ తేలని చోటు. పాత అంకెలు కాబట్టి పరీక్షలు మళ్లీ చేయించి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ తీయించండి. కాలేయం తయారుచేసే ప్రోటీన్ ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్, హెపటైటిస్ బీ, సీ, షుగర్ కూడా. మద్యం గురించి ఒక్క ముక్కా రాయలేదు. మీ వైద్యుడి దగ్గర మాత్రం దాచకండి.

ఇక ఆ పొడి, టానిక్ ఈరోజే ఆపండి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం వాచిన కేసులను మన దేశ వైద్యులే నమోదు చేశారు. మీ ఎస్‌జీపీటీ మీరు అవి మొదలుపెట్టక ముందే పెరిగింది, నిజమే. కానీ జబ్బేమిటో తేలకుండా ఎనిమిది నెలలు మందు మింగడమేమిటండీ? చదువుకున్నవారు! ‘మొక్కే కదా’ అంటారు నా ఓపీకి వచ్చేవాళ్లు. గన్నేరూ మొక్కే.

తిండి అడిగారు కాబట్టి: బరువు ఎక్కువుంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గించండి, తీపి పానీయాలు మానండి.

ఇది ఉత్తరం చూసి రాసిన మాట, మిమ్మల్ని పరీక్షించి చెప్పినది కాదు. ఈ వారమే కాలేయ నిపుణుడిని కలవండి. రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, మగత కనిపిస్తే ఆ గంటలోనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు పొడి డబ్బా, టానిక్ సీసా వెంట తీసుకెళ్లండి. లోపల ఏముందని వైద్యుడు అడిగితే చాలామందికి పేరు కూడా గుర్తుండదు.