2020 రిచ్‌మండ్ తుపాకీ హక్కుల ర్యాలీకి వచ్చింది 6 వేల మందా, 22 వేల మందా?

రెండు లెక్కలూ నిజమే. 2020 జనవరి 20న అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ఈ ర్యాలీ జరిగింది. దానికి ముందే అప్పటి గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ ఎమర్జెన్సీ ప్రకటించి, క్యాపిటల్ (రాష్ట్ర శాసనసభ భవనం) ఆవరణలోకి ఆయుధాలు తేకూడదని నిషేధం పెట్టారు. చుట్టూ కంచె వేసి, మెటల్ డిటెక్టర్లు దాటాకే లోపలికి వదిలారు. అలా వెళ్ళినవాళ్ళు సుమారు 6 వేలు. మిగతా 16 వేల మంది బయట వీధుల్లోనే ఉండిపోయారు, వాళ్ళలో చాలామంది తుపాకీ వదలడం ఇష్టంలేక. అక్కడ రైఫిల్ భుజాన వేసుకుని నిలబడటం అప్పట్లో చట్టబద్ధమే. మొత్తం 22 వేలనేది అధికారుల అంచనా.

టీవీలో ఎక్కువగా కనిపించింది ఈ బయటి జనమే, మిలిటరీ దుస్తుల్లో, పెద్ద తుపాకులతో. అంతకుముందే కొందరు శ్వేతజాతి తీవ్రవాదులను ఎఫ్‌బీఐ అరెస్టు చేయడంతో, 2017లో ఇదే రాష్ట్రంలోని షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి తీవ్రవాదుల ర్యాలీలో చెలరేగిన హింస మళ్ళీ జరుగుతుందేమోనన్న టెన్షన్ వార్తల నిండా ఉంది. ఆ భయం అకారణం కాదు. కానీ ఆ రోజు ప్రశాంతంగా గడిచింది. ముఖానికి గుడ్డ కట్టుకుందని ఒక యువతిని అరెస్టు చేశారు, అంతే.

నా దృష్టిలో వార్తల్లో మరుగునపడింది అసలు కారణం. 2019 మే 31న వర్జీనియా బీచ్ అనే నగరంలో ఒక నగరపాలక ఉద్యోగి కాల్పుల్లో 12 మంది చనిపోయారు. నవంబరులో డెమొక్రాట్లు రాష్ట్ర శాసనసభ ఉభయసభలూ గెలిచి, తుపాకులపై కొత్త ఆంక్షల బిల్లులు తెచ్చారు. ర్యాలీ జరిగింది వాటి మీదే. చివరికి నెలకు ఒక్క పిస్టల్ మాత్రమే కొనాలన్న పరిమితితో సహా చాలావరకు చట్టాలయ్యాయి. అసాల్ట్ రైఫిళ్ళ (సైనిక తరహా రైఫిళ్ళ) నిషేధం మాత్రం ఆ ఏడాది రాష్ట్ర సెనేట్ కమిటీలోనే ఆగిపోయింది.