గేర్‌బాక్స్ మార్చాలె అనంగనే ఊ అనకు

హన్మకొండ నుంచి ఈ మధ్యనే డల్లాస్ వచ్చిన ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పాత ఆటోమేటిక్ కారు కొన్న. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెడ్తది, బండి మాత్రం కదుల్తలేదు. షాపుల గేర్‌బాక్సే మార్చాలంటున్నరు."

తమ్మీ, కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేట్లు అరిగిన బండి ఎట్ల గీపెడ్తదో నీకు తెల్సు. ఇదీ అదే జారుడు. కాకపోతే ఈడ క్లచ్‌లు గేర్‌బాక్స్ లోపల ఉంటయి, ఆయిల్ ప్రెషర్‌తోని పట్టుకుంటయి. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తది, పట్టు పోతది. అందుకే ముందుగాల చూడాల్సింది ఆయిలే.

బండిని కొంచెంసేపు తిప్పి, సాపు జాగల ఆపి, పార్క్‌ల పెట్టి, ఇంజిన్ నడుస్తుండంగనే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే పుల్ల) తియ్యి. చాలా బండ్లకు ఇదే పద్ధతి. హోండాలకైతే ఇంజిన్ ఆపినంక చూడాలె. కొన్నిటికి డిప్‌స్టిక్కే ఉండదు, అవి లిఫ్ట్ మీద చూసేవే. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వెయ్యి. ఎర్రగ ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసనొస్తే ప్లేట్లు కాలినట్టు. పాలు కలిసినట్టు గులాబీ రంగుల ఉంటే రేడియేటర్ నీళ్లు కలిసినయి, ఇగ బండి తియ్యకు, టో చేపియ్యి. రంగు బాగుండి లెవల్ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. ఈ ఆయిల్ ఇంజిన్ ఆయిల్ లెక్క కాలి తగ్గేది కాదు. కారు కింద అట్టముక్క పరిచి రాత్రి వదిలెయ్యి, మరక ఎక్కడ పడ్డదో తెల్లారి చూడు. పొయ్యాల్సి వస్తే మాన్యువల్‌ల రాసిన రకమే పొయ్యి. ఎక్కువ పోస్తే నురగొచ్చి మళ్ల అదే జారుడు.

తర్వాత కోడ్, అంటే ఏం తేడా ఉన్నదో బండి కంప్యూటర్ రాసి పెట్టుకునే నంబర్. 1996 నుంచి అమెరికాల అమ్మిన పెట్రోల్ కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టు ఉంటది, ఆ కోడ్‌లు చదివే స్కానర్ దాంట్లనే పెడ్తరు. పీ0700 అని వస్తే గేర్‌బాక్స్ పోయినట్టు కాదు, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) కంప్యూటర్‌ల ఇంకో కోడ్ ఉన్నదని అర్థం. అది చదివే స్కానర్ కావాలె. పీ0750 లాంటిది వస్తే షిఫ్ట్ సోలనాయిడ్‌దో (గేరు మార్చేటందుకు ఆయిల్‌ను వదిలే కరెంటు వాల్వు), దాని వైరుదో తేడా. చాలా బండ్లల్ల కింది ఆయిల్ పాన్ విప్పి దాన్ని మార్చొచ్చు, గేర్‌బాక్స్ దించే పనిలేదు. బండి ఒక్క గేర్‌లనే ఇరుక్కుంటే అది లింప్ మోడ్ కావొచ్చు, అంటే తేడా కనవడంగనే గేర్‌బాక్స్‌ను కాపాడేటందుకు కంప్యూటరే అట్ల ఆపుతది; దానికే భయపడి వేల డాలర్లకు సంతకం పెట్టకు.

గేరు 'డి' (డ్రైవ్)ల వెయ్యంగనే దబ్బుమంటే ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను పట్టుకునే రబ్బరు దిమ్మెలు) గూడ చూపియ్యి.

కోడ్‌లు కాగితం మీద రాయించుకొని, ట్రాన్స్‌మిషన్ పనే చేసే ఇంకో షాపుకు చూపియ్యి. అప్పటిదాక హైవే ఎక్కకు. జారే బండిని నడిపినకొద్దీ ప్లేట్లు కాల్తయి, చిన్న లీకుతోని పోయేది నిజంగనే గేర్‌బాక్స్ దాక పోతది.