పురుగుమందు కొట్టే ముందు ఆకును సీసాలో పెట్టు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

గట్టు మీది ఊద గడ్డి ఆకుల్లో తెల్ల చారలున్నాయని, అవి వరిలోకి దిగుతాయేమోనని భయపడుతూ ఫొటో పంపావు. టెన్షన్ పడకు అబ్బాయ్. ఒక ఆకు కోసి ఎండకు అడ్డంపెట్టి చూడు. చార లోపల లేత పసుపు రంగులో సన్నటిదేదో కదిలితే అది ఆకు తొలిచే ఈగ పిల్ల. కాళ్లుండవు, తల ఉన్నట్టే కనిపించదు. నోట్లో నల్లటి కొక్కేలు మాత్రం ఉంటాయి. వాటితో ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్యనున్న పచ్చదనాన్ని గీకి తింటూ ముందుకు పోతుంది. టమాటా ఆకులో వంకర్లు తిరిగేది దీని చుట్టమే. గడ్డిలో ఈనెలు నిలువుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ చార తిన్నగా సాగుతుంది.

ఆకు పైపొర గీకేసినట్టుండి, ఒంటినిండా ముళ్లున్న నల్ల పెంకు పురుగు కనిపిస్తే మాత్రం అది తాటాకు తెగులు. దాని సంగతి వేరు.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతా. పిల్ల బతికున్న ఆకులు నాలుగైదు తెచ్చి, కాస్త తడి కాగితంతో గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టు. నీడలో ఉంచు. నీరు నిలిస్తే ఆకు కుళ్లుతుంది, జాగ్రత్త. కొద్దిరోజులకు పిల్ల గోధుమరంగు గింజలా గట్టిపడుతుంది. దాన్ని కదిలించకు. రెండు మూడు వారాల్లో రెండు మిల్లీమీటర్ల ఈగ బయటికి రావచ్చు, లేదా మెరిసే బుల్లి కందిరీగ రావచ్చు. ఆ కందిరీగ, తల్లి కందిరీగ ఈగ పిల్లలో పెట్టిన గుడ్డు నుంచి పుట్టి దాన్ని తినేసిన మిత్ర పురుగు.

నేను తొందరపడొద్దనేది అందుకే. పైపైన తగిలే మందు చల్లితే ఆకు పొరల మధ్య దాక్కున్న పిల్లకు సరిగా తగలదు. బయట తిరిగే కందిరీగే ముందు చస్తుంది. తర్వాత ఈగలకు అడ్డేముంది?

ఇక వరి సంగతి. వరి మొవ్వులో చేరి లేత ఆకు అంచులు కొరికేది ఇంకో రకం ఈగ పిల్ల. నాటిన నెలలోపే దాని ఆట. నిలవ నీరు తళతళలాడే మడి ఆ ఈగకిష్టం, కాబట్టి రెండు మూడు రోజులు నీళ్లు తీసెయ్. పిలకలు పెట్టాక పైరు తేరుకుంటుంది.

సీసా మీద తేదీ రాసిపెట్టు. ఏది బయటికొచ్చిందో ఫొటో పంపు, మందు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య